సౌర పంపుసెట్టుకు కరెంటు లైను కూడ ఉండవలెను

మెట్ట ప్రాంతముల రైతులు ఈ మధ్య తరచుగ అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. సోలారు పంపుసెట్టు పెట్టించుకొన్నచో లాభమా, నష్టమా అని. దీనికి జవాబు చెప్పువారు సాధారణముగ ఖరీదెంత, సబ్సిడీ యెంత, ఎన్నేండ్లు మన్నును అను లెక్కలతో ముగించెదరు. ఆ లెక్కలు కావలసినవే. కాని వానికంటె ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి యున్నదని నా అభిప్రాయము. పైరుకు నీరు అక్కరలేని దినమున మీ పొలములోని పలకలు పుట్టించు కరెంటు ఎచ్చటికి పోవును? ఈ ప్రశ్నకు సరియైన జవాబున్న చోట సౌరవిద్యుత్తు రైతుకు ఎంతయో మేలు చేయును. జవాబు లేనిచోట, ముఖ్యముగ రాతినేలలందు, అదియే బోరుబావిని త్వరగ ఎండగట్టు సాధనము కాగలదు.

ఈ మాట ఎందులకు అనుచున్నానో తెలియవలెనన్న, కరెంటు ఎట్లు పుట్టునో ముందుగ కొంచెము చెప్పుకొనవలెను.

రాగితీగ చుట్ట దగ్గర అయస్కాంతమును త్రిప్పినచో ఆ తీగలో విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కనుగొన్న సంగతి యిది. నేటికిని ప్రపంచమున వాడుకలో నున్న కరెంటులో అధికభాగము ఈ సూత్రము మీదనే పుట్టుచున్నది. తేడా యంతయు ఆ చక్రమును త్రిప్పునది ఏది అన్నదానిలోనే యున్నది. కొత్తగూడెములోను, రామగుండములోను బొగ్గు మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరి బలముతో చక్రమును త్రిప్పుచున్నారు. బొగ్గు ఒకసారి కాలినచో మరల రాదు. పొగ గాలిలో కలియును, బూడిద గుట్టలుగ మిగులును. వాన, గాలి, ఎండ అట్టివి కావు. ఎంత వాడుకొన్నను మరుసటి యేడు మరల వచ్చును. అందుచేత వీనిని తరుగని శక్తివనరులని చెప్పుచున్నారు.

వీనిలో నీటితో తిరుగు చక్రము మనకు క్రొత్తది కాదు. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు ఉమ్మడిగ నిర్మించిన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో పని ఆరంభించినది. దాని శక్తి 120 మెగావాట్లు. తరువాత సీలేరు, నాగార్జునసాగరు, శ్రీశైలము వచ్చినవి. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు ఎత్తునుండి పడినచో, అందులో 9.8 కిలోవాట్ల శక్తి, అనగా ఇంచుమించు 13 హార్సుపవరు ఉండును. కావుననే కొండలమీదనుండి దూకు నీటికి అంత విలువ. జలవిద్యుత్తులోని గొప్ప సుగుణము, కావలసినపుడు కొద్ది నిమిషములలో యంత్రమును నడిపించి, అక్కరలేనపుడు ఆపివేయ వీలుండుట. సాయంకాలము ఊరిలోని దీపములన్నియు ఒక్కసారిగ వెలిగినపుడు ఆ భారమును మోయుటకు ఇంతకంటె నమ్మకమైనది వేరొకటి లేదు.

అయితే దానికి రైతు చెల్లించు మూల్యము కూడ కలదు. జలాశయము క్రింద ఊళ్ళు, పొలములు మునుగును. శ్రీశైలము కట్టినపుడు కృష్ణ, తుంగభద్ర తీరములలోని గ్రామములు ఎన్ని మునిగినవో కర్నూలు, మహబూబునగరు పెద్దలకు చెప్ప పనిలేదు. వాన రాని యేడు చక్రము తిరుగదు. ఇంతేగాక, విద్యుత్తు కొరకు నీటిని వదలు దినము వేరు, పైరు నీరు కోరు దినము వేరు కావచ్చును. శ్రీశైలమున కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల యంత్రములున్నవి. ఎడమగట్టు యంత్రములు రెండు విధములుగ పనిచేయగలవు. కరెంటు కొరత యున్నపుడు నీటిని దింపి విద్యుత్తును పుట్టించును, కరెంటు మిగిలినపుడు దిగువ నీటిని మరల పైకి తోడును. ఈ రెండవ పని యొక్క అక్కర యేమో ముందు తెలియగలదు.

గాలిమర సంగతి క్లుప్తముగ చెప్పెదను. గాలి వేగము రెండింతలైనచో దానిలోని శక్తి ఎనిమిదింతలగును. కావున గాలిమర పెట్టు చోటుననే దాని లాభనష్టములు తేలిపోవును. నాటి అనంతపురము జిల్లా రామగిరి కొండలమీద 1990 దశకముననే గాలిమరలు నిలిపిరి. నైరుతి ఋతుపవనములు వీచు జూన్ నుండి సెప్టెంబరు వరకు అవి చక్కగ తిరుగును. మిగిలిన మాసములలో బలము తగ్గును. రాత్రివేళ కూడ తిరుగుట, స్తంభము క్రింద చాలవరకు సేద్యము సాగించుకొన వీలుండుట దానిలోని మంచి. కాని వంద మీటర్ల ఎత్తున నిలుపవలసిన యంత్రము ఒక రైతు చేతిలోని పని కాదు. చిన్న గాలిమరను ఇంటిమీద పెట్టించుకొమ్మని చెప్పువారి మాట నమ్మి డబ్బు పోగొట్టుకొనవద్దు. ఇంటికప్పు ఎత్తున గాలికి బలము చాలదు.

పేడగ్యాసు వంటకు మేలైనది. దానితో కరెంటు తీయుట పెద్ద పాడిశాలలకు తప్ప గిట్టుబాటు కాదు. చెరకు పిప్పితో విద్యుత్తు తీయుట పంచదార మిల్లుల పని. వీనిని ఇంతటితో విడిచెదము.

ఇక మిగిలినది ఎండ. రైతుయొక్క స్వంత చేతికి, స్వంత పొలమునకు అమరునది యిదియే. సౌర పలకలో తిరుగు చక్రమేదియు లేదు. ఇసుకనుండి తీసి శుద్ధిచేసిన సిలికాను అను పదార్థపు పలుచని బిళ్ళలను గాజు క్రింద అమర్చియుందురు. వెలుతురు ఆ బిళ్ళపై పడినపుడు దానిలోని విద్యుత్కణములు కదలి తీగలోనికి ప్రవహించును. ఇట్టి సిలికాను బిళ్ళను పనికివచ్చు రీతిలో మొదట 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసి చూపిరి. నాడు దాని ఖరీదు ఉపగ్రహములు పంపువారికి తప్ప ఇతరులకు అందునది కాదు. నేడు ధర యెంత దిగినదనగా, కడప జిల్లాలో పెట్టనున్న సౌరకేంద్రమునకు 2017 ఏప్రిల్ వేలములో యూనిట్టు 3 రూపాయల 15 పైసలకు ఇచ్చెదమని పాటదారు ముందుకు వచ్చెను.

మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాటు పలకలు, ఏడాది సగటున దినమునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. మబ్బు దినమున తగ్గును, రాత్రి యేమియు నుండదు. ఇక్కడ చాలమంది పొరబడు విషయమొకటి కలదు. పలకకు కావలసినది వెలుతురే, వేడిమి కాదు. వేడిమి దానికి హాని. 25 డిగ్రీలకు పైన ఒక్కొక్క డిగ్రీకి దాని శక్తి నూటికి సుమారు 0.4 వంతు చొప్పున పడిపోవును. ఏప్రిల్, మే మాసముల మిట్టమధ్యాహ్నము గాజు 60, 65 డిగ్రీలు కాగినపుడు నూటికి 15 వంతుల దాక నష్టపోవుట కద్దు. కావున పలక క్రింద గాలి ఆడునట్లు ఎత్తుగ అమర్చుట అవసరము.

5 హార్సుపవరు పంపునకు 4,800 వాట్ల పలకలు పెట్టుట వాడుక. అనగా దినమునకు సుమారు 19 యూనిట్లు.

దీనివలన రైతుకు కలుగు మొదటి మేలు రూపాయలలో లెక్కించునది కాదు. పగటివేళ నీరు పారించుకొనుట. రాత్రి కరెంటు ఎంతమంది ఇండ్లలో దుఃఖము మిగిల్చినదో గ్రామోద్యోగులైన మీకు తెలియును. చీకటిలో గట్టుమీద నడచుచు పాముకాటునకు గురియైనవారు, తడిచేతులతో స్టార్టరు ముట్టుకొని ప్రాణము పోగొట్టుకొన్నవారు లేని మండలము అరుదు. పగలు పొలమునకు పోయి, పగలు మోటారు వేసి, ప్రొద్దుగుంకకముందే ఇంటికి వచ్చు సేద్యము ఎండవలన సాధ్యమైనది. డీజిలు ఇంజనుపై సేద్యము చేయువారికైతే ఖర్చు తగ్గుటయు ప్రత్యక్షముగ కనిపించును.

ఇంతవరకు అందరును ఒప్పుకొందురు. నేను వేరుపడునది ఇకముందు చెప్పబోవు విషయములోనే.

లైనుతో సంబంధము లేక పొలములో ఒంటరిగ నిలుచు సౌర పంపుసెట్టును తీసికొందము. మన రైతుకు ఏడాదిలో 150 దినములు నీటి అక్కర యున్నదనుకొందము. మిగిలిన 215 దినములు ఎండ కాయుచునే యుండును, పలకలు కరెంటు నిచ్చుచునే యుండును. 19 యూనిట్ల చొప్పున 4,085 యూనిట్లు. ఈ కరెంటును దాచుకొనుటకు చోటు లేదు. పెట్టుబడి పెట్టిన సాధనము ఊరక నిలిచియుండగ చూచుట యే రైతుకును ఇష్టముండదు. మోటారు నడుపుటకు దమ్మిడీ ఖర్చు లేనపుడు, నడుపకుండుటకు కారణమేమి? బోరు క్రింద రెండవ కారు వరి వేయుదము అనిపించును. ప్రక్క పొలమునకు నీరు అమ్ముదము అనిపించును. ఇది రైతు దోషము కాదు, ఏర్పాటులోని లోపము.

ఆ 4,085 యూనిట్లతో ఎంత నీరు బయటికి వచ్చునో లెక్క వేసి చూడుడు. నీరు 330 అడుగుల లోతున, అనగా 100 మీటర్లలో ఉన్నదనుకొందము. పంపు, మోటారు కలిసి నూటికి 40 వంతులు పనిచేయుననుకొందము. ఒక యూనిట్టుకు సుమారు 1,500 లీటర్లు పైకి వచ్చును. 4,085 యూనిట్లకు 61 లక్షల లీటర్లు. ఈ నీటిని ఒక ఎకరముపై నిలిపినచో 5 అడుగుల లోతు, మనిషి రొమ్ము వరకు, నిలుచును.

ఇది ఎక్కడినుండి రావలెను? అనంతపురమున ఏటికి సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దానిలో పదవవంతు భూమిలోనికి ఇంకుననుకొన్నను, ఆ 61 లక్షల లీటర్లు 27 ఎకరముల మీద ఏడాది పొడవున ఇంకిన నీటికి సమానము. పైరుకు అవసరమై తోడిన నీరు దీనిలో చేరలేదు. కేవలము ఎండను వృథా పోనీయరాదని తోడినదే యింత. రాయలసీమ, తెలంగాణ జిల్లాలలో అధికభాగము రాతినేల. నీరు నిలుచునది పైనున్న మురిగిన రాతిలోను, దాని క్రింది నెరియలలోను మాత్రమే. ఆ పొర ఖాళీ యైనచో ఇంకను 500 అడుగులు దింపినను దొరకునది దుమ్మే. చీనీతోటలు ఎండిపోయి, మొద్దులు నరికి బండ్లకు ఎత్తినవారికి ఈ సంగతి నేను క్రొత్తగ చెప్పునది కాదు.

ఉచిత కరెంటుతోను జరిగినది యిదియే కదా అని మీరనవచ్చును. నిజమే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినప్పటినుండి యూనిట్టు ధర రైతుకు సున్నాయే. అయినను సరఫరా గంటలకు హద్దుండెడిది గనుక తోడకమునకును కొంత హద్దుండెను. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియక ఆటో స్టార్టర్లు బిగించి, వచ్చినంతసేపు మోటార్లను నడిపించుట అలవాటైనది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా ఆరంభించినపుడు, ఆటో స్టార్టర్లను తీసివేయుమని ప్రభుత్వమే రైతులను కోరవలసివచ్చెను. ఒంటరి సౌర పంపునకు అట్టి హద్దు కూడ లేదు. సూర్యునికి ఎవరును వేళలు నిర్ణయింపలేరు.

దీనికి విరుగుడు కలదు. గుజరాతులోని ఖేడా జిల్లాయందు ఢుండీ అను చిన్న గ్రామము కలదు. అంతకుముందు డీజిలు ఇంజనులతో నీరు తోడుకొనుచుండిన ఆరుగురు రైతులు అచ్చట సౌర పంపుసెట్లు పెట్టుకొని, సహకార సంఘముగ ఏర్పడి, 2016లో తమ మిగులు కరెంటును పంపిణీ సంస్థకు అమ్మనారంభించిరి. అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థవారు వారికి తోడుగ నిలిచిరి. పంపులన్నింటిని కలిపి ఒక చిన్న లైను వేసి, సంఘమునకంతటికి ఒకే మీటరు పెట్టిరి. యూనిట్టుకు 4 రూపాయల 63 పైసల చొప్పున 25 ఏండ్లకు ఒడంబడిక వ్రాసికొనిరి. దీనిని చూచియే గుజరాతు ప్రభుత్వము 2018లో సూర్యశక్తి కిసాన్ యోజన అను పెద్ద పథకమును ఆరంభించినది.

ఇప్పుడు మన లెక్కకు మరల వత్తము. ఆ 4,085 యూనిట్లను ఢుండీ ధరకు అమ్మినచో ఏటికి ఇంచుమించు 18,900 రూపాయలు వచ్చును. మోటారు వేయబోవు ప్రతిసారి రైతు మనసులో ఒక తూకము ఏర్పడును. ఈ దినము నీరు కట్టకపోయినను పైరుకు నష్టము లేదనిన, మోటారు ఆపుటే ఆదాయము. ఎవరును చట్టము చూపి బెదిరింపకుండగనే బావిలోని నీటికి ఒక వెల వచ్చినది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము మన పుస్తకములలో ఉన్నది. ఉండుట మంచిదే. కాని ఒక్కొక్క బోరు దగ్గర ఒక్కొక్క జవానును కాపలా పెట్టజాలము కదా.

ఢుండీలో అంతయు అనుకొన్నట్లే జరిగినదని చెప్పను. కరెంటు అమ్ముచునే సభ్యులు ఇరుగుపొరుగు పొలములకు నీటిని అమ్ముటయు సాగించిరి. డీజిలుపై ఆధారపడిన ఆ ప్రక్క రైతులకు అది చౌకయై మేలే చేసినది. అచ్చటిది ఒండ్రునేల. మన రాతినేలలో అటువంటి అమ్మకము వలన నష్టమెక్కువ. కరెంటు ధర తక్కువైనచో రైతు నీటినే అమ్మును, ధర తగినట్లున్నచో కరెంటునే అమ్మును. కావున యూనిట్టు ధర ఎంత అనునది ఈ వ్యవహారమునకంతకు ఆయువుపట్టు.

పెద్ద సౌరకేంద్రములనుండి 3 రూపాయల లోపుననే దొరకుచుండగ రైతుకు 4 రూపాయలు పైగ ఏల ఈయవలెనని పంపిణీ సంస్థలు అడుగును. వారి ప్రశ్న తప్పు కాదు. జవాబును ఉన్నది. పొలములోనే పుట్టి పొలములోనే వాడబడు కరెంటునకు వందల మైళ్ళ తీగల వెంట జరుగు నష్టము లేదు. ఆ రైతుకు ఉచితముగ పంపవలసిన కరెంటు కొనుగోలు ఖర్చు మిగులును. బోరు ఎండక నిలిచినచో క్రొత్త బోర్లకు, మరింత లోతు తోడుటకు అగు ఖర్చు మిగులును. ఈ మూడింటిని కలిపి చూచినపుడు ఆ అదనపు రూపాయి దానధర్మము కాదు.

కేంద్ర ప్రభుత్వము 2019లో ఆరంభించిన పీయం కుసుమ్ పథకములో మూడు భాగములుండెను. ఒంటరి పంపులు ఒకటి, లైనుకు కలిసిన పంపులు ఒకటి, రైతుల భూములలో 2 మెగావాట్ల వరకు చిన్న కేంద్రములు ఒకటి. పంపుల విషయమున సాధారణముగ నూటికి 30 వంతులు కేంద్రము, 30 వంతులు రాష్ట్రము, మిగిలినది రైతు భరించునట్లు ఏర్పరచిరి. నిబంధనలు మారుచుండును గనుక ప్రస్తుతము ఏవి అమలులో నున్నవో జిల్లా కార్యాలయమున విచారించుకొనుడు. నేను చెప్పదలచినదేమనగా, మీ ఊరికి లైను ఉన్నయెడల ఒంటరి పంపును కోరకుడు. లైనుకు కలిసినదానినే అడుగుడు. లైను చేరని ఏజెన్సీ గూడెములకు, వాగు ఒడ్డున నీరు పైపైననే దొరకు పొలములకు ఒంటరి పంపు మేలైనదే. అచ్చటకూడ దానిని వలదనుట మూర్ఖత.

లైనుకు కలిపిన దానిలోను చిక్కులు లేకపోలేదు. లైనులో కరెంటు పోయినపుడు ఇన్వర్టరు కూడ తనంతట తానే ఆగిపోవును. స్తంభమెక్కి మరమ్మతు చేయు లైనుమాను ప్రాణరక్షణకై అట్లు ఏర్పరచినారు. అందుచేత లైను తెగినను పంపు మాత్రము విడిగ నడుచు కంట్రోలరు కావలెనని ముందే అడుగవలెను. లేనిచో నెత్తిమీద ఎండ కాయుచుండగ మోటారు ముందు చేతులు కట్టుకొని కూర్చుండవలసివచ్చును.

రెండవది మీటరు భయము. 2020లో శ్రీకాకుళము జిల్లాలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగించునపుడు రైతులలో కలిగిన అనుమానము అందరికి తెలిసినదే. నేడు మీటరు, రేపు బిల్లు అని. ఆ అనుమానమును తేలికగ కొట్టివేయరాదు. కాని ఇచ్చట చెప్పుచున్న మీటరు రెండువైపుల లెక్క చూపునది. మీరు వాడినది ఒక ప్రక్క, మీరు పంపినది ఒక ప్రక్క. పాలకేంద్రములో పాలు కొలువకుండ ఎవరైన పోసి వత్తురా? కొలత లేనిచో అమ్మకము లేదు. ఉచిత సరఫరాకు దీనివలన భంగము రాదని ఒడంబడికలో స్పష్టముగ వ్రాయించుకొనుట మాత్రము మరువరాదు.

ప్రభుత్వములు ఇటీవల మూడవ మార్గము వైపు మొగ్గుచున్నవి. ఒక్కొక్క పంపునకు పలకలు పెట్టుటకు బదులు, సబ్‌స్టేషను దగ్గర ఒకే చిన్న సౌరకేంద్రము పెట్టి, వ్యవసాయ ఫీడరునంతటిని దానితో నడుపుట. ఖర్చు తక్కువ, రైతుకు పలకలు కడుగు పని లేదు, దొంగల భయము లేదు, పగటి కరెంటు అందును. ఇన్ని సుగుణములున్నను నాకు ఒక అసంతృప్తి. ఇందులో రైతు మరల ఉచిత కరెంటు పుచ్చుకొనువాడే గాని అమ్మువాడు కాడు. ఆదా చేసిన నీటికి వెల రాదు. ఆ కేంద్రమును బయటి కంపెనీకి గాక, ఆ ఫీడరు క్రింది రైతుల సంఘమునకే ఇచ్చి, మిగులు కరెంటు సొమ్మును పంపుల వాడకమును బట్టి పంచినచో రెండు ప్రయోజనములును నెరవేరును. మన సహకార సంఘములు పాలు, విత్తనములు చూచుకొనగలిగినపుడు ఇదియు చూచుకొనగలవు. అప్పులు, ఎన్నికల తగవులతో మూతబడినవి ఎన్ని అని మీరు అడుగగలరు. అందుకనియే పది పదిహేను మంది చిన్న సంఘములు నయము.

భూమి సంగతి చెప్పక తప్పదు. ఒక మెగావాటు కేంద్రమునకు 4, 5 ఎకరములు కావలెను. అనంతపురమునకు ఆనుకొని, తెలుగు మాటలాడు కుటుంబములు ఎన్నియో యున్న కర్ణాటకలోని పావగడలో 2,050 మెగావాట్ల సౌరకేంద్రమునకు సుమారు 13,000 ఎకరములు తీసికొనిరి. అచ్చట భూమిని కొనలేదు. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలు, రెండేండ్లకొకసారి నూటికి 5 వంతుల పెంపు అను షరతుతో తీసికొనిరి. పట్టా రైతు పేరుననే మిగిలినది. కరువుతో వేరుశనగ చేతికి రాని పొలమునకు అది మంచి బేరమే. పట్టా లేనివారికో? ఆ పొలములో కలుపు తీసి బ్రతుకు కూలీలకు, బీళ్ళలో గొఱ్ఱెలు మేపుకొనువారికి కౌలు డబ్బులో భాగము లేదు. నష్టము మాత్రము వారి వాకిటికి నడచివచ్చినది.

గ్రామోద్యోగులారా, ఇట్టి ప్రతిపాదన మీ ఊరికి వచ్చినపుడు అడంగలులో పట్టాదారుని పేరు చూచి ఊరకుండవలదు. ఆ భూమిని నిజముగ దున్నుచున్న కౌలుదారు ఎవరు, అది ఎవరి పశువులకు మేపు, దానిమీదుగ ఏ వాగు, ఏ బండిదారి పోవుచున్నది అనునవి వ్రాసి గ్రామసభ ముందు పెట్టుడు. నల్లరేగడి మాగాణిని పలకల క్రిందికి ఇచ్చుట ఎన్నడును తగదు. రాళ్ళగుట్టలు, చవుడు భూములు, చెరువుల నీటి ఉపరితలము ఉండగ మంచి నేల ఎందులకు? రామగుండమున జలాశయముపై తేలు పలకలతో 100 మెగావాట్ల కేంద్రము 2022లో పూర్తిగ నడువనారంభించినది. తేలు పలకలకు ఖర్చు కొంత ఎక్కువ, కాని ఎకరము పోలేదు, నీరు ఆవిరియగుటయు కొంత తగ్గును.

చివరకు ఒడంబడిక కాలపు సంగతి. మధ్యాహ్నము అందరి పలకలును ఒకేసారి కరెంటు నిచ్చును. ఇట్టి పలకలు పెరిగినకొలది ఆ వేళ కరెంటునకు గిరాకి తగ్గి, సాయంకాలము ఏడు గంటల కరెంటునకు పెరుగును. కళ్ళములో పంటలన్నియు ఒకే వారము దిగినపుడు మార్కెట్టు యార్డులో జరుగు సంగతియే యిదియు. శ్రీశైలము ఎడమగట్టు యంత్రములు మధ్యాహ్నపు మిగులుతో నీటిని పైకి తోడి రాత్రికి దింపగలుగుట ఇందుకే అంత విలువైనది. పెద్ద బ్యాటరీలును వచ్చుచున్నవి. ఇవి పెరుగువరకు మధ్యాహ్నపు కరెంటు ధర నిలుకడగ నుండదు. కావున ధర ఏటేట మార్చెదమను కాగితముపై సంతకము చేయవద్దు. 25 ఏండ్లకు ధర నిర్ణయించి, సొమ్ము ఎన్ని దినములలో చెల్లింతురో, ఆలస్యమైనచో వడ్డీ యెంతయో వ్రాయించుకొనుడు.

పలకలు 25 ఏండ్లు మన్నును, కంట్రోలరు అన్నాళ్ళు మన్నదు. దానిని మార్చు ఖర్చు కొరకు కరెంటు సొమ్ములో కొంత ప్రతి యేటా ప్రక్కకు తీసిపెట్టవలెను. మరమ్మతు చేయువాని ఊరు, ఫోను నెంబరు కాగితముమీద ఉండవలెను. పలకలపై దుమ్ము పేరుకొన్న కరెంటు తగ్గును గనుక వారమునకొకసారి మెత్తని గుడ్డతో కడుగుడు. తెల్లవారుజామున కడుగవలెను. ఎండకు కాగిన గాజుమీద చన్నీళ్ళు పోసిన పగులును.